తవా నుంచి టేపు దాకా: మన హైదరాబాదు పాటల దుకాణాలు

హైదరాబాదు చరిత్ర మీద పుస్తకాలకు కొదవ లేదు. కోటల మీద, మక్బరాల మీద, ముత్యాల మీద, నవాబుల దస్తర్‌ఖాన్‌ల మీద రాసేవారు రాశారు, చదివేవారు చదివారు. కాని ఈ నగరం తన చెవులతో ఏమి విన్నది, ఎక్కడ నిలబడి విన్నది, విన్నదానిలో ఈనాడు ఎంత మిగిలింది అని అడిగినవారు తక్కువ. రాయి నిలుస్తుంది కాబట్టి రాతి కట్టడానికి చరిత్ర రాస్తాం. గొంతు నిలవదు కాబట్టి దాన్ని వదిలేస్తాం.

రెండు ఉదాహరణలు చూడండి. మహలఖా బాయి చందా (1768–1824) పేరు మన పిల్లలకు కూడా తెలుసు. ఆమె గజళ్ల దివాన్ మనకు ఉన్నది. మౌలాలి గుట్ట కింద ఆమె సమాధి ఉన్నది. ఆ గజళ్లను ఆమె ఏ స్వరంలో ఎత్తుకునేదో, ఎక్కడ ఆగి ఎక్కడ సాగదీసేదో చెప్పగలవారు ఎవరూ లేరు. అలాగే ఢిల్లీలో బహదూర్ షా జఫర్ దర్బారులో పాడిన తాన్‌రస్ ఖాన్ 1857 కల్లోలం తరువాత కొంతకాలానికి హైదరాబాదు చేరి, ఇక్కడే కన్నుమూశారు. ఆయన బాణీ శిష్యుల ద్వారా బతికింది. ఆయన గొంతు బతకలేదు. అప్పటికి గొంతును పట్టి దాచే యంత్రం మన దేశంలో వాడుకలోకి రాలేదు.

అది ఆ కాలం సంగతి. యంత్రం వచ్చిన తరువాత కూడా మన నగరపు గొంతులు ఎన్నో పోయాయి, ఇంకా పోతున్నాయి. ఎందుకు పోయాయి, ఉన్నవాటిని ఎలా నిలుపుకోవాలి అన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము ఉర్దూ మీడియం బడిలో సాంఘిక శాస్త్రం చెప్పుకునేవాళ్లం. సంగీత విద్వాంసులం ఎంతమాత్రం కాము. మా దాదా తరం తవాల తరం, మా అబ్బా తరం రేడియో తరం, మాది కాసెట్ తరం. పెద్దల వద్ద విన్నది, పుస్తకాలలో చదివినది, కళ్లారా చూసినది కలిపి ఇక్కడ మనవి చేస్తున్నాం. సంగీతం విషయంలో మన పెద్దలలో భిన్నాభిప్రాయాలు ఉన్న సంగతి మాకు తెలుసు. ఆ చర్చ ఈ వ్యాసం పని కాదు. ఇది చరిత్రకు సంబంధించిన మాట.

లక్క ప్లేటు వచ్చిన రోజులు

1902 నవంబరులో ఇంగ్లండు గ్రామఫోను కంపెనీ మనుషులు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలను రికార్డు చేశారు. మన దేశపు ప్లేట్ల చరిత్రలో అది తొలి ఘట్టం. పాట ముగియగానే ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. వినేవారికి అది గర్వంగా తోచేది. అసలు కారణం వేరు. ఆ ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హానోవరులో. ఏ మైనపు ముద్ర ఎవరిదో అక్కడి పనివారికి తెలియడానికి ఆ ఏర్పాటు. 1908లో కలకత్తా సీల్దాలో కార్ఖానా పెట్టిన తరువాత ప్లేట్లు ఇక్కడే తయారయ్యాయి. ఆ పైన డమ్‌డమ్ కార్ఖానా వచ్చింది.

ఆ ప్లేటును మన ఇళ్లలో తవా అనేవారు. రొట్టెలు కాల్చే పెనంలాగా నల్లగా గుండ్రంగా ఉంటుంది కదా, అందుకని ఆ పేరు. తెలుగువారు గ్రామఫోను ప్లేటు అనేవారు. అది తయారయ్యేది లక్కతోనే. చెట్ల కొమ్మల మీద చిన్న పురుగు పెట్టే లక్క, దానికి రాతిపొడి, నల్లరంగు కలిపి వేడిమీద ఒత్తేవారు. నిమిషానికి 78 చుట్లు తిరిగేది. 10 అంగుళాల ప్లేటులో ఒక్కొక్క వైపు సుమారు 3 నిమిషాలు. కింద పడితే గాజు పలకలాగా పగిలేది. కీ ఇచ్చి తిప్పాలి, ముల్లు తరచుగా మార్చాలి. ముల్లు అరిగినా పట్టించుకోకపోతే ప్లేటు గీతలు పడి గరగర అనేది.

ఈ 3 నిమిషాల సంగతి చిన్నది కాదు. దర్గాలో కవ్వాలీ అర్ధగంట, గంట సాగుతుంది. వినేవారి హాల్ చూసుకుని కవ్వాల్ ఒకే మిస్రాను పదిసార్లు తిప్పి తిప్పి చెబుతాడు. ప్లేటు మీద ఆ వీలు లేదు. కవ్వాలీని కోసి, కుదించి, ముగింపు ముందే లెక్క కట్టుకుని పాడవలసి వచ్చింది. తెలుగు నాటకాల పద్యాలకూ ఇదే గతి పట్టింది. రంగస్థలం మీద వన్స్‌మోర్‌లతో సాగే కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యం ప్లేటు మీద 3 నిమిషాలలో ముగియాలి. అయినా ఆ ప్లేట్ల వల్లే నాటకం చూడని పల్లెటూరివాడు కూడా ఆయన పద్యం విన్నాడు. కంపెనీ ఒక చేత్తో కత్తిరించింది, మరొక చేత్తో ఊరూరా పంచింది. రెండూ నిజమే.

ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. కార్ఖానా కలకత్తాలో, మన వైపు రికార్డింగులు ఎక్కువగా మద్రాసులో, సినిమా పాటలు బొంబాయిలో. హైదరాబాదు అమ్మే ఊరూ, వినే ఊరూ అయింది గాని, ఒత్తే ఊరు కాలేదు. మన గొంతు ప్లేటు ఎక్కాలంటే మన మనిషి రైలెక్కాలి. ఎక్కలేని వారి గొంతు ఇక్కడే ఆగిపోయింది.

గాలిలో వచ్చిన పాట

ప్లేట్లు కొనగలిగినవారు కొద్దిమంది. మిగిలినవారికి దిక్కు రేడియో. 1935లో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో మొదలైంది. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం నాలుగు భాషలలోనూ కార్యక్రమాలు వచ్చేవి. రాజ్యంలో ఉన్న నాలుగు భాషలవారూ ఒకే పెట్టె ముందు కూర్చున్నారన్నమాట. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిసిన తరువాత, 1950లో ఆ స్టేషను ఆకాశవాణి అయింది. తరువాత కాలంలో ఉర్దూ శ్రోతల కోసం నైరంగ్ అనే కార్యక్రమం వచ్చింది. మన ఇళ్లలో రాత్రి భోజనాల వేళ ఆ పేరు వినని పెద్దలు లేరు.

1952లో కేంద్ర సమాచార మంత్రి బి.వి. కేస్కర్ గారు సినిమా పాటలు ప్రజల అభిరుచిని చెడగొడుతున్నాయని భావించి ఆకాశవాణిలో వాటిని తగ్గించివేశారు. ఫలితం ఏమిటంటే దేశమంతా రేడియో ముల్లును సిలోను వైపు తిప్పింది. అదే 1952 చివర అమీన్ సయానీ గారి బినాకా గీత్‌మాలా మొదలైంది. 2024 ఫిబ్రవరిలో వారు కన్నుమూసినప్పుడు మా బడి స్టాఫ్‌రూములో పెద్దవాళ్లు ఆ రోజంతా ఆ మాటే మాట్లాడుకున్నారు. ఈ గీత్‌మాలాకూ మన పాటల దుకాణాలకూ నేరుగా సంబంధం ఉన్నది. ఏ పాట ఏ మెట్టు మీద నిలవాలన్నది తేల్చడానికి పెద్ద ఊళ్ల రికార్డు దుకాణాల అమ్మకాల లెక్కలను, శ్రోతల సంఘాల అభిప్రాయాలను తీసుకునేవారు. అంటే ఎక్కడో ఒక దుకాణంలో ఒక కుర్రవాడు జేబు ఖాళీ చేసి కొన్న ప్లేటు కూడా సిలోను రేడియోలో లెక్కకు వచ్చేది.

1957లో వివిధభారతి వచ్చి సినిమా పాటను మళ్లీ సర్కారు రేడియోకు తెచ్చింది. ఇరానీ హోటలులో ఒక చాయ్ ముందు పెట్టుకుని రెండు గంటలు రేడియో వినడం మా అబ్బా తరానికి పెద్ద వినోదం. యజమాని విసుక్కోకుండా ఉండటానికి నడుమ ఒక ఉస్మానియా బిస్కట్టు తెప్పించేవారట.

దుకాణం అంటే దుకాణమేనా

ఆబిడ్స్ అన్న పేరే ఒక దుకాణం నుంచి వచ్చింది. ఆరవ నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ అనే అర్మీనియా మనిషి అక్కడ దుకాణం నడిపాడు. దుకాణం పోయింది, పేరు మిగిలింది. ఆబిడ్స్, సుల్తాన్ బజారు, పత్తర్‌గట్టి, అవతల సికింద్రాబాదు బజార్లు: ప్లేట్లు కొనేవారు తిరిగింది ఈ వీధులలోనే.

ఆ దుకాణాలను గురించి పెద్దలు చెప్పే మాటలు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. గోడ నిండా చెక్క అరలు. అరలలో పుస్తకాలలాగా నిలువుగా ప్లేట్లు. ప్రతి దానికీ కాగితపు తొడుగు, దాని నడుమ గుండ్రటి కన్నం, అందులోంచి కుక్క బొమ్మ. కొనేముందు వినిపించేవారు. కొనకపోయినా వినిపించేవారు. గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషికి వేల పాటల నంబర్లు కంఠతా వచ్చు. పాట పేరు తెలియకపోతే ఫరవాలేదు, రెండు ముక్కలు కూనిరాగం తీస్తే చాలు, చెయ్యి తిన్నగా ఆ అర మీదికి పోయేది. పెళ్లిళ్లకు మైకు సెట్టు అద్దెకిచ్చేవాళ్లు ఈ దుకాణాలకు పెద్ద బేరం. షాదీఖానా అయినా కల్యాణ మండపమైనా మైకు సెట్టు ఒకటే, ప్లేట్ల పెట్టె ఒకటే.

మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇదే. ఆ గల్లాపెట్టె ముందు ఎవరెవరు నిలబడేవారు? ఒకరు శంకర్–శంభు కవ్వాలీ అడిగేవారు. ఆ ఇద్దరూ హిందూ సోదరులు, అజ్మీరు దర్గాలో పాడి పేరు తెచ్చుకున్నవారు. మరొకరు షేక్ చినమౌలానా గారి నాదస్వరం అడిగేవారు. ఆయన ప్రకాశం జిల్లా కరవది బిడ్డ, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ అందుకున్న ముస్లిం విద్వాంసుడు. ఇంకొకరు ఘంటసాల వారిని అడిగేవారు. 1974లో ఆయన పోయిన తరువాత వచ్చిన భగవద్గీత రికార్డు ప్రతి గుడి మైకులోనూ మోగింది. గుడి పక్క వీధిలో ఉన్న మన ఇళ్ల పిల్లలకు కూడా ఆ గొంతు తెలుసు. ఒకరు అడిగినది దుకాణదారు పెడితే పక్కనున్నవాడు కూడా విన్నాడు. ఎవరూ ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. పక్కవాడి పాట చెవిన పడింది, అంతే. ఈనాడు ప్రతివాడి చెవిలో వాడి పాటే. పక్కవాడిది వినబడే అవకాశమే లేదు.

అలా చెవిన పడిన దానికి ఫలితాలు కూడా ఉన్నాయి. శంకర్–జైకిషన్ జంటలోని శంకర్ హైదరాబాదులో పెరిగినవారు. 1955 నాటి శ్రీ 420 హిందీ సినిమాలో ఒక పాట తెలుగు మాటలతో మొదలై దేశమంతా తిరిగింది. కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ గారు ఉర్దూ నేర్చి గజళ్లు రాశారు. సి. నారాయణరెడ్డి గారు చిన్ననాటి చదువు ఉర్దూ మీడియంలో చదివి, తరువాత తెలుగులో గజల్ రాశారు. దాశరథి గారు గాలిబును తెలుగు చేశారు. ఇవన్నీ ఒకరి పాట మరొకరు విన్న ఊళ్లలోనే సాధ్యం.

మన నగరపు గొంతులు

ఇక హైదరాబాదు సొంత గొంతుల మాట. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ గారి కవ్వాలీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. వారి గొంతు ప్లేటు ఎక్కింది కాబట్టి మనకు మిగిలింది. వారి మనుమలు వార్సీ బ్రదర్స్ ఆ బాణీని కొనసాగించి సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు.

విఠల్‌రావు గారిని చూడండి. చిన్ననాడే నిజాం కుమారుడు మొఅజ్జం జాహ్ కొలువులో పాడిన గొంతు. హిందువుగా పుట్టి ఉర్దూ గజల్‌ను జీవితమంతా నెత్తిన పెట్టుకున్న మనిషి. ఎందరికో నేర్పారు. 2015లో షిర్డీలో తప్పిపోయి, చివరకు మరణించిన స్థితిలో దొరికారు. ఆ వార్త వచ్చిన రోజు ఈ నగరంలో ఉర్దూ తెలిసినవాళ్లు ఎందరో కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆయన జీవితకాలంలో పాడినదానితో పోలిస్తే రికార్డయినది చాలా కొద్ది. మెహఫిళ్లలో పాడినది విన్నవారి జ్ఞాపకాలలో, కొందరి ఇళ్లలోని టేపులలో ఉన్నది.

ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ సాహెబ్ కసూరులో పుట్టి, దేశమంతా తిరిగి, 1968 ఏప్రిలులో మన బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో తుదిశ్వాస విడిచారు. దాయిరా మీర్ మోమిన్‌లో వారి సమాధి ఉన్నది. అటుగా పోయే మన పిల్లలలో ఎందరికి ఈ సంగతి తెలుసు? ఏటా మేము తరగతిలో అడుగుతాం. ఇంతవరకు చెయ్యి ఎత్తినవారు అరుదు.

సినిమా వల్ల నిలిచినవి కొన్ని ఉన్నాయి. మఖ్దూం మొహియుద్దీన్ (1908–1969) గజల్ 1982లో వచ్చిన బజార్ సినిమాలో ఖయ్యాం బాణీలో వినిపించింది. లతా గారితో కలిసి దాన్ని పాడిన తలత్ అజీజ్ మన హైదరాబాదు వారే. ఆ రికార్డు వచ్చేనాటికి మఖ్దూం పోయి 13 ఏళ్లు.

ఏమీ నిలవనివి ఎన్నో. యెమెన్ వైపు నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు తెచ్చిన మర్ఫా డప్పులు బార్కస్‌లోనూ ఏ.సి. గార్డ్స్‌లోనూ నిన్నమొన్నటి దాకా ప్రతి పెళ్లిలోనూ మోగాయి. పేరుమోసిన పాత వాయిద్యగాళ్లలో ఎందరి వాయిద్యం రికార్డయింది? మన ఇళ్లలో ఆడవాళ్లు పెళ్లికి ముందు ఢోలక్ పెట్టుకుని దక్కనీలో పాడే పాటలు ఉన్నాయి. అత్తగారిని, ఆడబిడ్డను, పెళ్లికొడుకు ముక్కును ఎగతాళి చేసే పాటలు. వాటికి రాసినవారి పేరు లేదు, అచ్చు లేదు. నానీ నోటి నుంచి అమ్మీ నోటికి, అమ్మీ నోటి నుంచి బిడ్డ నోటికి. కంపెనీకి అందులో బేరం కనబడలేదు. పరదాలో ఉన్న ఆడవాళ్లు స్టూడియోకు పోయే మాటా లేదు.

కాసెట్ కాలం

ఈ అన్యాయాన్ని కొంత సరిదిద్దినది కాసెట్టు. 1963లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన ఈ చిన్న డబ్బా మన ఇళ్లకు గల్ఫు దారిన వచ్చింది. 1970ల నుంచి మన బస్తీల కుర్రవాళ్లు జిద్దా, దుబాయి, కువైటు పోసాగారు. తిరిగి వచ్చేటప్పుడు దుప్పటి, అత్తరు, టూ-ఇన్-వన్ తెచ్చేవారు. 1980లలో టీ-సిరీస్ వంటి కంపెనీలు చవకగా కాసెట్లు కుమ్మరించాయి. పాత కంపెనీ పెత్తనం సడలింది. ప్లేటు ఒత్తడానికి కార్ఖానా కావాలి. కాసెట్టు నింపడానికి రెండు డెక్కులు, ఒక స్టూలు చాలు.

అప్పుడు వీధి వీధికీ రికార్డింగ్ సెంటరు వచ్చింది. ఇది మేము కళ్లారా చూసిన కాలం. నోటుపుస్తకం కాగితం మీద పాటల జాబితా రాసి, ఒక ఖాళీ సిక్స్టీయో నైంటీయో కొని ఇస్తే, మూడు రోజులకు నింపి ఇచ్చేవారు. చివర రెండు నిమిషాలు మిగిలితే దుకాణదారు తనకు నచ్చిన పాట ఏదో వేసేవాడు. అది వాడి బహుమానం. టేపు చిక్కుబడితే పెన్సిలు దూర్చి తిప్పడం, దూదికి స్పిరిటు అద్ది హెడ్డు తుడవడం ఇంట్లో పిల్లల పని.

ఆ దుకాణాలలో పాటలే ఉండేవి కావు. నాతులు, మౌల్వీల బయానులు, మొహర్రం నెలలో నౌహాలు, రంజానులో సహరీ వేళ మోగే కాసెట్లు ఉండేవి. ముషాయిరాల కాసెట్లు ఉండేవి. 1962లో పుట్టిన జిందా దిలానే హైదరాబాదు వారి హాస్య ముషాయిరాలు, సులేమాన్ ఖతీబ్ (1922–1978) దక్కనీ కవిత్వం, హిమాయతుల్లా గారి కవిత్వం చదువురాని రిక్షా కార్మికునికి కూడా చేరాయంటే ఆ చేర్చినది కాసెట్టే. మా ఉర్దూ వాచకం చెయ్యలేని పని అది చేసింది. దక్కనీని మోటు భాష అని ఈసడించుకునేవారు సైతం ఆ కాసెట్లు పెట్టుకుని నవ్వారు. మోటు అన్నది ఎక్కడ పోయిందో తెలియదు.

మరొక రకం కాసెట్లు ఏ దుకాణంలోనూ అమ్మలేదు. అవి ఉత్తరాల కాసెట్లు. గల్ఫులో ఉన్న కొడుక్కు ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చుని మాటలు రికార్డు చేసి, పోయేవారి చేతికి ఇచ్చి పంపేవారు. రాయడం రాని తల్లి తన గొంతుతోనే జాబు పంపింది. మా మామూ జిద్దాలో ఉండగా మా నానీ పంపిన కాసెట్టు ఒకటి ఇంకా మా ఇంట్లో ఉన్నది. అందులో ఇంటి ఖర్చుల మాట, కోడలి మీద ఫిర్యాదు, నడుమ ఉన్నట్టుండి ఒక ఢోలక్ పాట. వెనుక కోడి కూత, వీధిలో కూరగాయలవాడి కేక. నానీ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆమె ఫొటోలు రెండు ఉన్నాయి. ఆ రెండు ఫొటోలూ చెప్పలేనిది ఆ ఒక్క కాసెట్టు చెబుతుంది.

దుకాణాలు మూతపడ్డాయి

తరువాతి కథ మీకు తెలిసినదే. సి.డి. వచ్చింది. ఒక్క సి.డి.లో వందకు పైగా పాటలు పట్టే ఎం.పి.త్రీ వచ్చింది. 2000లో గ్రామఫోను కంపెనీ పేరు మార్చుకుని సరిగమ అయింది. ఆ పైన పాట ఫోనులోకి పోయింది. రికార్డింగ్ సెంటర్లు కొన్ని మొబైలు రీఛార్జి షాపులయ్యాయి, కొన్ని జిరాక్సు షాపులయ్యాయి. పాత ప్లేట్లు జుమేరాత్ బజారులో పాత తాళాలు, పాత గడియారాల పక్కన కుప్పగా పడ్డాయి. ఇప్పుడు సరదాపరులు మళ్లీ కొంటున్నారు. సంతోషమే. సినిమా పాటల ప్లేటు ఎలాగూ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. మన దిగులు వాటి గురించి కాదు.

మన దిగులు ఒకే ఒక్క ప్రతి ఉన్నవాటి గురించి. మాకు తెలిసిన ఒక ఇంట్లో ఒక కవిగారు ఉండేవారు. ముప్పై ఏళ్లపాటు ముషాయిరాలకు టేపు రికార్డరు వెంట తీసుకుపోయి, కవుల గొంతులు పట్టుకుని, ప్రతి కాసెట్టు మీద తారీఖు, చోటు, పేర్లు తన దస్తూరీతో రాసి పెట్టేవారు. ఆయన పోయిన తరువాత ఇల్లు మారేటప్పుడు ఆ పెట్టె కబాడీ బండి ఎక్కింది. కిలోల లెక్కన. ఇంటివారు చెడ్డవాళ్లు కాదు. ఇంట్లో ఆడించే యంత్రం లేదు, అందులో ఏమున్నదో తెలియదు, గది ఇరుకు. అందులో ఉన్న కవులలో కొందరి గొంతు మరెక్కడా లేదు. ఏ దీవాన్ అచ్చువేసినా ఆ గొంతు తిరిగి రాదు.

మనం చెయ్యగలిగినది

ఇందుకు లక్షల రూపాయలు అక్కరలేదు. తెలిసినంత మేరకు కొన్ని సంగతులు చెబుతున్నాం.

కాసెట్టు దొరికితే ముందు దాని పై అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచెయ్యండి. అప్పుడు పొరపాటున దాని మీద మరొకటి రికార్డు కాదు. బూజు కనబడితే ఆడించవద్దు, తెలిసినవారికి చూపండి. బాగానే ఉంటే వెంటనే పాట పెట్టక, ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి అతుక్కున్న టేపు వదులవుతుంది. స్పీకరు ముందు ఫోను పట్టుకుని రికార్డు చెయ్యకండి, ఫ్యాను చప్పుడు కూడా ఎక్కుతుంది. మంచి డెక్కు నుంచి వైరుతో కంప్యూటరులోకి ఎక్కించండి. ఎక్కించినది వేవ్ ఫైలుగా దాచి, రెండు వేరువేరు చోట్ల ఉంచండి. పంచుకోవడానికి చిన్న ఫైలు వేరే చేసుకోవచ్చు. స్పీకర్ల అయస్కాంతాల దగ్గర, ఎండలో, తడి గోడ పక్కన కాసెట్లు పెట్టవద్దు.

పాత లక్క ప్లేట్లను స్పిరిటుతో తుడవరాదు. లక్క స్పిరిటులో కరుగుతుంది. తేలికపాటి సబ్బు నీటిలో మెత్తని బట్ట తడిపి, నడుమ కాగితానికి తగలకుండా తుడిచి, వెంటనే పొడిబట్టతో అద్దాలి. ఇప్పటి ప్లేయర్లకు ఉండే సన్నని ముల్లు వాటికి పనికిరాదు, వెడల్పు గాడికి తగిన ముల్లు కావాలి. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టక నిలువుగా ఉంచాలి.

అన్నిటికంటే ముఖ్యం పేర్లు. పాడినది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఢోలక్ ఎవరు కొట్టారు అన్నది ఇంట్లో పెద్దవారు ఉండగానే అడిగి రాసుకోవాలి. పేరు లేని గొంతు రేపు ఎవరి గొంతూ కాదు. ఇంటి ఉత్తరాల కాసెట్లు ఆ ఇంటి గుట్టు. ఇంటివారి అనుమతి లేకుండా బయట వినిపించరాదు.

ఇంకొక మాట. పాతవి దాచడంతో పాటు కొత్తగా పట్టుకోవలసినవి కూడా ఉన్నాయి. ఢోలక్ పాటలు వచ్చిన ముసలమ్మలు మన మొహల్లాలలో ఇంకా ఉన్నారు. వారి ముందు కూర్చుని, చాయ్ తాగి, నాలుగు పాటలు పాడించుకోవడానికి ఈనాడు స్టూడియో అక్కరలేదు. జేబులో ఉన్న ఫోను చాలు. మా తరగతి పిల్లలకు సెలవులలో ఈ పనే చెబుతున్నాం. వ్యాసం రాయమంటే గునిసే పిల్లలు దీనికి మాత్రం ఉత్సాహంగా పోతున్నారు. పోయినవాడు పాట ఒక్కటే తేవడం లేదు. దాదీతో ఒక సాయంత్రం గడిపి వస్తున్నాడు.

మన సొసైటీ పెద్దలకు మా విన్నపం ఇది. ఏటా పేద విద్యార్థులకు పుస్తకాలు, వితంతువులకు కుట్టుమిషన్లు ఇస్తున్నారు. ఆ మంచి పనుల పక్కన ఒక చిన్న బల్ల వెయ్యండి. దాని మీద మంచి టేపు డెక్కు ఒకటి, పాత కంప్యూటరు ఒకటి ఉంటే చాలు. ఎవరి ఇంట్లో ఏ కాసెట్టు ఉన్నా తెచ్చుకుని, అక్కడే ఎక్కించుకుని, తమ కాసెట్టు తాము తీసుకుపోవచ్చని ప్రకటించండి. కూర్చోవడానికి మేమూ మా పెద్ద తరగతి పిల్లలూ ఆదివారాలు వస్తాం.

మహలఖా బాయి గొంతు మనకు దక్కలేదంటే ఆనాడు యంత్రం లేదు. ఈనాడు మన నానీల గొంతు దక్కకపోతే చెప్పుకోవడానికి మనకు ఆ కారణం కూడా లేదు. ఈ సంచిక మూసిపెట్టిన తరువాత దయచేసి అటక మీది డబ్బా ఒకసారి కిందికి దించి చూడండి.